కంపెనీవాడు మన ఊరు చూశాడా?

కంపెనీ ఇచ్చిన వస్తువుని ఇచ్చినట్టు ఉంచలేకపోవడం లక్ష్మీకాంత్‌కి ఉన్న ఒకే ఒక్క జబ్బు. తాగడు, పేకాడడు, ప్రత్తిపాడు సెంటర్లో పురుగుమందుల కొట్టు నడుపుకుంటూ ఎవరి జోలికీ పోడు. చేతికి స్పానర్ దొరికిందా, ఇక మనిషి మనిషి కాదు. పెళ్లికి అత్తగారు ముచ్చటపడి పెట్టిన బీరువాకి చక్రాలు బిగించాడు. తలుపు లాగితే బీరువా బీరువా అంతా ఎదురొస్తుంది. సుబ్బరావమ్మగారికి కడుపు మండదూ మరి!

ఆ మంట అల్లుడి మొహాన వెళ్లగక్కే వీలూ లేదు. ఆవిడది పాతకాలపు పద్ధతి. అల్లుడి ఎదట కుర్చీలో కూర్చోదు, అల్లుడితో నేరుగా మాట్లాడదు. అందరూ ఒకే వరండాలో ఉన్నా సరే, మధ్యలో కూతురు బిందుమాధవి ఉండాల్సిందే.

"బీరువాకి చక్రాలేమిటో మీ ఆయన్ని అడగవే."

"వెనకాల ఎలకలు దూరితే ఎలా ఊడుస్తారో మీ అమ్మగారిని అడుగు. కంపెనీవాడు మన ఊరు చూశాడా?"

ఇదీ అతగాడి ఊతపదం. కుక్కరు పిడి కోసినా ఇదే మాట, ఫ్యాను రెక్క వంచినా ఇదే మాట.

రెండువేల మూడులో గుంటూరు నుంచి పాత క్రూయిజర్ మోటార్ సైకిలొకటి కొనుక్కొచ్చాడు. పొడుగ్గా, నేలబారుగా, ఎత్తయిన హ్యాండిల్‌తో వీధంతా వచ్చి చూసేంత అందంగా ఉంది. ఎప్పుడూ లేనిది సుబ్బరావమ్మగారికీ నచ్చింది. నచ్చిన మర్నాడే దాన్ని విప్పి అరుగు ముందు కుప్ప పోశాడు. సైలెన్సరు మార్చాడు, హ్యాండిల్ మార్చాడు, మద్రాసు నుంచి లైట్లు తెప్పించాడు.

"బంగారంలాంటి బండిని ముక్కలు చేశాడేమిటే!" అని ఆవిడ లబోదిబోమంది.

ఆ ఏడు మిరప కల్లంలో ఒక వింత జరిగింది. తాలుకాయ ఏరడంలో ఊళ్లో ఎవరైనా ఆవిడ తరవాతే. అలాంటి మనిషి తెల్లటి తాలుకాయలు తీసి ఎర్రకాయల కుప్పలో వేసింది. గుంటూరు డాక్టరు చూసి కళ్లలో శుక్లాలన్నాడు. ఆపరేషన్ చెయ్యాలి, ముందూ వెనకా చాలాసార్లు రావాలి, ఆలస్యం చేస్తే చూపు దక్కదు అన్నాడు.

సుబ్బరావమ్మగారు ససేమిరా అంది. బస్సులో మోచేతి పోట్లు, ఆటోలో నడుం విరిగే కుదుపులు.

"పోనీ, ఆయన బండి మీద వెళ్లమ్మా," అంది బిందు.

"ఏంటే? అల్లుడి భుజం పట్టుకుని ఊరేగాలా? సిగ్గులేదూ అడగడానికి? కళ్లు పోతే పోయాయి!"

అరుగు కింద నట్టు బిగిస్తున్న లక్ష్మీకాంత్ ఇంకో నట్టు అందుకున్నాడు.

ఆ తరవాత పిచ్చి మరీ ముదిరింది. మద్రాసు నుంచి గాలీ దుమ్మూ కళ్లలో కొట్టకుండా మనిషెత్తు అద్దపు తెర తెప్పించి ముందు బిగించాడు. రంజాన్ వెల్డింగు షాపులోనే మకాం పెట్టాడు. వెనక సీటుకి వీపు ఆనించుకునే దిండు తెచ్చి, వెనక్కి కాదు, కుడి పక్కకి బిగించాడు. ఎడమ పక్కన వెడల్పాటి చెక్క. రెండు సీట్ల మధ్య అడ్డంగా లావుపాటి కడ్డీ. ఒక అద్దమైతే రోడ్డుని వదిలేసి వెనక సీటుకేసి చూస్తోంది.

ఎదురింటి బుల్లయ్య పగలబడి నవ్వాడు. "ఏమమ్మా సుబ్బరావమ్మా, మీ అల్లుడికి ఎనకేదో, పక్కేదో తెలవదా ఏంటి?"

ఆవిడకి తల కొట్టేసినట్టయింది. "ఆపరేషన్ నాకు కాదే, ముందు మీ ఆయన బుర్రకి చేయించు!" అని కూతురి మీద విరుచుకుపడింది.

ఒక పొద్దున లక్ష్మీకాంత్ బండిని అరుగుకి ఆనించి ఆపాడు.

"బిందూ, డాక్టరు ఎదురుచూస్తున్నాడు. మీ అమ్మగారిని ఎక్కమను."

నాలుగు కడిగేద్దామనే సుబ్బరావమ్మగారు బయటికొచ్చింది. సీటు సరిగ్గా అరుగెత్తున ఉంది. కళ్లు ఆనక చేత్తో తడిమింది. పక్కకి తిరిగి కూర్చునే ఆడమనిషికి వీపు ఆనేచోట దిండు. కాళ్లు పెట్టుకునేచోట చెక్క. పట్టుకోడానికి కడ్డీ. కడ్డీకి అవతల అల్లుడు, ఇవతల అత్తగారు. భుజం పట్టుకునే పనే లేదు, కొంగు తగిలే సందైనా లేదు.

"ఇదంతా ఎవరు చెయ్యమన్నారో అడగవే," అంది కడ్డీ మీంచి చెయ్యి తియ్యకుండానే.

"కంపెనీవాడికి అత్తగారు లేనట్టుందని చెప్పు."

ఆవిడ ఎక్కింది. బండి ఊరు దాటింది. అప్పుడొచ్చి పడింది అసలు చిక్కు: మధ్యలో బిందు లేదు. ముందు పత్తి లారీ పోతోంది. సుబ్బరావమ్మగారు ఇక ఆగలేక కడ్డీ మీద చేత్తో తట్టింది.

"ఇదిగో బండీ! ఆ లారీ వెనకాల అంత దగ్గరగా పోవద్దని మీ ఆయనకి చెప్పవే."

"అలాగేనన్నానని చెప్పవే బండీ," అన్నాడు లక్ష్మీకాంత్ తల తిప్పకుండా.

లారీ దాటాక ఆవిడకి ధైర్యమొచ్చింది, దాంతోపాటు కోపమూ వచ్చింది.

"బండీ, ఈ కడ్డీ చెయ్యి కోసేస్తోంది. దీనికో గుడ్డ చుట్టించాలని తెలీదూ? కంపెనీవాడంటే మన ఊరు చూళ్లేదు. మీ ఆయనకేమొచ్చింది?"

వెనక్కి తిరిగిన ఆ అద్దంలో అల్లుడు నవ్వుతున్నాడు. మసగ్గానే అయినా ఆవిడకి కనిపించింది.