విఠల్ సార్ జాలీ గదిలో మిగిలిన చప్పుడు

"సార్ పోయిండు తమ్మీ" అని మా కాలేజీ ప్రయోగశాల అటెండర్ గంగామణి అక్క ఫోన్ చేసినప్పుడు కంఠేశ్వర్‌లో రోడ్డు పక్కన స్కూటర్ ఆపుకొని ఉన్నాను. "ఏ సార్?" అని అడిగాను. తెలియక కాదు, తెలిసింది నిజం కాకూడదని. నాకు పాఠం చెప్పి, తర్వాత ఉద్యోగంలో తన పక్క కుర్చీలోనే కూర్చోబెట్టుకున్న గురువు విఠల్ సార్ దివంగతులయ్యారన్న మాట వారం గడిచినా నా మనసుకు ఎక్కడం లేదు.

సార్ బోధించింది విద్యుదయస్కాంత అనుకూలత. ఆ పేరు వింటేనే పిల్లలు జడుసుకునేవారు. బోధన్ దగ్గర చెరకు రైతు ఇంట పుట్టిన ఆయన తన చిన్ననాటి ముచ్చటతో మొదలుపెట్టేవారు. నిజాంసాగర్ కాలువ పక్కన వాళ్ల బాపు మోటర్ వేస్తే పక్క చేను కాపలాదారు రేడియో గరగరలాడేదట, అతను గట్టెక్కి తిట్టేవాడట. "మన మిషన్ పక్కోని మిషన్‌ను బతకనియ్యాలె. పక్కోడు లొల్లి వెట్టినా మనది బతకాలె. గిదే సబ్జెక్టు, గింతే" అనేవారు.

ఆయన ముందుగా పుస్తకం తెరవనిచ్చేవారు కాదు. పాత రేడియో చేతికిచ్చి, రెండు స్టేషన్ల మధ్య ముల్లు ఆపి, గదంతా తిరగమనేవారు. ఫ్యాన్ రెగ్యులేటర్ దగ్గర ఒక రొద, ట్యూబులైటు దగ్గర ఇంకో రొద, ఫోన్ చార్జర్ దగ్గర సన్నని ఈల. "మొదలు ఇను. మీటర్ తర్వాత సూద్దువు" అనేవారు. ఎవడైనా వినకుండానే అంకెలు రాసుకొస్తే ఆ రికార్డు పుస్తకాన్ని చెవికి ఆనించుకొని, "గిది ఏం మాట్లాడ్తలేదురా" అంటూ తిరిగి ఇచ్చేవారు. ఆయన గొంతు పెంచగా నేనెన్నడూ చూడలేదు.

మా బ్యాచ్‌తో కలిసి ఆయన రాగి తీగల జాలీతో మనిషి పట్టేంత గది ఒకటి కట్టారు. తలుపు మూస్తే బయటి తరంగాలు లోపలికి రాకూడదు, రేడియో మూగబోవాలి. లోపల పని చేస్తూ ఫోన్ చార్జింగ్ పెట్టుకోవడానికి నేను జాలీ మూలలోంచి ఒక తీగ దూర్చాను. పనయ్యాక రెండు వైపులా కత్తిరించాను గాని, మధ్యలోని జానెడు ముక్కను లాగడానికి బద్ధకించాను. దానికి అడ్డంగా బీరువా వచ్చింది. జాలీకి అంటకుండా దూరిన తీగ బయటి రొదను లోపలికి మోసుకొస్తుందని అప్పటికి నాకు తెలియదు. తలుపు మూస్తే రేడియోలో పాట ఆగింది, సన్నని గొణుగుడు మాత్రం ఆగలేదు.

తెలిశాక చెప్పడానికి ధైర్యం చాలలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే చదువు ముగిసింది, అక్కడే ఉద్యోగమూ వచ్చింది. ఆ గొణుగుడు ఎక్కడిదో పట్టమని సార్ ఏటా చివరి ప్రయోగంగా ఇచ్చేవారు. పిల్లలు తలుపు సందులన్నీ వెతికేవారు. బీరువా వెనక్కి వంగబోయిన వాళ్లను సార్ ఏదో పని చెప్పి పిలిచేసేవారు. నా అదృష్టం అనుకునేవాణ్ణి.

కందకుర్తి సంగమంలో ఆయన అస్థికలు కలిపి వచ్చిన మర్నాడు జాలీ గదిలోకి వెళ్లి, తలుపు మూసి, ఆయన రేడియో పెట్టాను. అదే గొణుగుడు. ఆయన నా వెనకే నిలబడి వింటున్నట్టు అనిపించింది. తిరిగి చూడటానికి భయపడ్డాను. బయటికొచ్చి గంగామణి అక్కకు అంతా చెప్పేశాను. ఆమె చీపురు కింద పెట్టింది.

"సార్‌కు ఎర్కనే తమ్మీ. నేను ఆ తీగ తీసేస్తనంటే వద్దన్నడు. 'ఆగు గంగామణీ, వాడే వచ్చి సెప్తడు' అన్నడు."

"ఎప్పుడన్నారక్కా?"

"నువ్వు సదువుకునేటప్పుడే."

శిష్యుడి నోట ఒక్క నిజం వినడానికి తన ప్రయోగాన్నే అసంపూర్ణంగా ఉంచుకున్న అటువంటి గురువు నాకు మళ్లీ దొరకరు. ఆ ఓర్పుకు నమస్కరించడం తప్ప నా దగ్గర ఏమీ లేదు. సిగ్గుతో చెబుతున్నాను, ఆయన అడగకపోవడమే నాకు మేలనుకున్నాను.

ఇద్దరం కలిసి బీరువా జరిపాం. తీగ ముక్క లాగేసి, లోపలికి వెళ్లి తలుపు మూశాను. రేడియో పూర్తిగా మూగబోయింది. "ఆ తీగ నాదే సార్" అని పైకే అన్నాను. వినమని నేర్పిన మనిషే వినడానికి లేరు.