పదో తరగతిలో బదిలీ ఫిల్లర్

ఆ రోజుల్లో మా గోదావరిఖనిలో మనిషి రానంత మాత్రాన పని ఆగేది కాదు. ఎవరైనా డ్యూటీ ఎగ్గొడితే, బొగ్గుగని గేటు దగ్గర, బొగ్గెత్తి టబ్బుల్లో నింపే పనికి కాచుకుని ఉన్న బదిలీ ఫిల్లర్‌ను ఆ రోజుకు అతని బదులు లోపలికి దింపేవారు. తొమ్మిదో తరగతిలో లెక్కలకు దణ్ణం పెట్టి బయటపడ్డ నేనూ అలాంటి ఫిల్లర్‌నే. (బడి ఎగ్గొట్టినవాడు డ్యూటీ ఎగ్గొట్టినవాళ్ల మీద బతకడం న్యాయమే అనిపించేది.)

మా సర్కారు బడికి గ్రాంటు వస్తుందని పెద్దసారు ఏటా చెప్పేవాడు. వచ్చినట్టు ఎవరూ చూడలేదు. సుద్దముక్కలు కూడా లెక్కల సారే సొంతంగా కొనుక్కొచ్చేవాడు. తెలుగు సారు మాత్రం గ్రాంటు వచ్చేదాకా ఓపిగ్గా కుర్చీలో నిద్రపోయేవాడు. ఆ ఏడు, తనిఖీ రోజున పదో తరగతిలో నలభైమంది కనపడకపోతే లెక్కల పోస్టు తీసేసి మంచిర్యాలకు ఇస్తారని కబురొచ్చింది. మా చెల్లె చదివేది ఆ తరగతే. తనిఖీనాటి పొద్దున పెద్దసారు మా ఇంటి ముందు సైకిల్ దిగాడు.

“ఒక్కడు తక్కువున్నడురా. పన్నెండో నంబరోడు పెండ్లికి పోయిండు. జర వచ్చి కూసో.”

“మీసాలున్నయి సార్.”

“గీక్కో.”

చెల్లె అప్పటికే అద్దం పట్టుకుని నిలబడింది. “అన్నా, సారు పోతే నా పది గూడ పోతది,” అంది. మీసం తీశాను గానీ, గనిలో దిగేవాడి కంటి అంచుల్లో కాటుకలా నిలిచిపోయే బొగ్గును తియ్యడం ఎవరి తరం?

ఆఫీసరు “పన్నెండు” అని పిలవగానే లేచి, గేటు దగ్గర అలవాటైన గొంతుతో, “టోకెన్ నాలుగు వందల పదమూడు, సెకండ్ షిఫ్టు సార్,” అన్నాను. (చెల్లె తల బెంచీ కిందికి పోయింది.) పెద్దసారు గోడకేసి తిరిగి, గ్రాంటు రాక కొనని భారతదేశ పటాన్ని శ్రద్ధగా చూడసాగాడు. ఆఫీసరు నా కళ్లలోకి చూశాడు.

“ఎందుకొచ్చినవు?”

“చెల్లె ఈడ్నే సదువుతున్నది సార్. ఈ సారు పోతే లెక్కలు చెప్పెటోళ్లు లేరు.”

“నీకు చెప్పిండా?”

“చెప్పిండు సార్. నేనే వినలే.”

“అయితే ఇప్పుడు విను,” అని ఆయన వెనక బెంచీలో కూర్చున్నాడు. లెక్కల సారు ఎత్తుకున్నది ఎక్స్, వైల లెక్క. నన్ను బడి నుంచి తరిమింది అదే. “గది ఎట్లొచ్చింది సార్?” అని నిజంగానే అడిగాను. సారు తుడిచి మళ్లీ చెప్పాడు. మళ్లీ అడిగాను, మళ్లీ తుడిచాడు. ఆఫీసరు ఉన్న సంగతి ఇద్దరం మరచిపోయాం. ఎక్స్ దొరికేసరికి గంట కొట్టారు. ఆఫీసరు హాజరు ముప్పైతొమ్మిదనే రాసుకుని, “పిల్లలు తక్కువున్నరు గని, ఈ సారును ఇంకో ఏడు ఇక్కడ్నే ఉంచమని రాస్త,” అని పెద్దసారుతో అన్నాడు. పోస్టు నిలిచింది. చెల్లె పది పాసయింది.

ఆ తనిఖీ రోజున నేను బయటికి వస్తుంటే లెక్కల సారు చేతుల సుద్ద దులుపుకుంటూ, “వై మిగిలింది. రేపు రా, చెప్త,” అన్నాడు.

“రేపు ఫస్ట్ షిఫ్టు సార్,” అన్నాను.

మర్నాడు గేటు దగ్గర నాకు పని దొరకలేదు. ఇంటికి వస్తూ బడి ముందు ఆగాను. కిటికీలోంచి సారు గొంతు వినిపిస్తోంది. అడ్డుకునేవాళ్లు ఎవరూ లేరు. అయినా నాలోని ఆ ఇరవై ఏళ్ల పెద్దమనిషికి పిల్లల మధ్య కూర్చోవడానికి సిగ్గేసింది. నిన్న దర్జాగా కూర్చున్నవాడికి ఇవాళ సిగ్గేమిటిరా అని ఆ సన్నాసిని అడగాలని నాకు ఇప్పటికీ అనిపిస్తుంటుంది.