తీర్థానికి తిరగని చేయి

ఆ రోజు మగ్గం మీద చీర అంచున పసుపుపచ్చ మరక కనిపించింది. పోగు రంగు దిగిందనుకున్నాను. తుడిస్తే జిగటగా తగిలింది. అప్పుడు చూసుకున్నాను, నా కుడి ముంజేతి మీది ఆపరేషన్ మచ్చ చివర చిన్న రంధ్రం పడి చీము కారుతోంది.

అంతకు కొన్ని నెలల ముందు వాకిట్లో తడిబండ మీద జారిపడ్డాను. ముంజేతిలో రెండెముకలూ విరిగితే ప్లేట్లు వేశారు. నారాయణపేటలో మాది నేత ఇల్లు. మగ్గం తాడు లాగేది కుడిచేయే.

మందుల షాపతను చూసి, "జర చీము వట్టింది, అంతే అక్కా. గోలీలిస్త" అన్నాడు. రంధ్రం పూడింది. స్వామికి కొబ్బరికాయ కొట్టాను. మళ్లీ తెరుచుకుంది. మళ్లీ గోలీలు, మళ్లీ కొబ్బరికాయ. దసరా పోయి ఉగాది వచ్చింది. ఒకనాడు తాడు లాగుతుంటే లోపల ఎముక కదిలినట్టయింది.

మహబూబ్‌నగర్‌లో నాకు ఆపరేషన్ చేసిన డాక్టరుగారు ఎక్స్-రే వెలుగుకు పట్టి చూశారు. "ఇంప్లాంట్ ఇన్ఫెక్షన్ అమ్మా. క్రిములు ప్లేటు మీద పొరలెక్క పేరుకున్నయ్. గోలీలు ఆడిదాక చేరవు. స్క్రూలు వదులైనయ్, ఎముక అతకలే."

చేయి దక్కుతుందా అని మా ఆయన అడిగాడు.

"చెయ్యి ఉంటది. పాత చెయ్యి లెక్క ఉంటదని మాటియ్యలేను."

ఏ క్రిమో తేల్చే కల్చర్ పరీక్షకు చీము పంపారు. అప్పటిదాకా మింగిన గోలీల వల్ల అందులో ఏ క్రిమీ దొరకలేదట. యాంటీబయాటిక్స్ రెండు వారాలు ఆపి రమ్మన్నారు. మందులేని ఆ రోజులే అన్నిటికన్నా కష్టం. ముద్ద నోటిదాకా తెస్తే చేతి నుంచి చీము వాసన. అత్తమ్మే కలిపి తినిపించేది. "నా కొడుక్కు గూడ ఇంత ముద్దుగ తినిపియ్యలే. ఏడ్వకు, నమలు" అనేది. ఆమె రుణం తీరేది కాదు.

తర్వాత ప్లేట్లు తీసి, చెడిన ఎముక గీకి, బయటి నుంచి రాడ్లు బిగించారు. ఈసారి కల్చర్‌లో క్రిమి ఏదో తేలింది. దానికి తగిన ఇంజెక్షన్లు వారాల తరబడి చేశారు. ఒకటి కిడ్నీలకు పడక మధ్యలో మార్చారు. చివరికి తుంటి నుంచి ఎముక తీసి పెట్టాక అతికింది. "రొటేషన్ మాత్రం రాదమ్మా" అన్నారు డాక్టరుగారు.

ఇప్పుడు చీము లేదు. దేవుడి దయ, డాక్టరుగారి చేతి చలువ. తాడు లాగలేను, ఎడమచేత్తో నూలు కండెలకు చుడుతున్నాను. కుడి అరచేయి బోర్లా ఉంటే పనిచేస్తుంది. చిన్నప్పుడు మా బాపు ఇంట్లో నేర్పిన అక్షరాలు దానితోనే రాస్తున్నాను. వెల్లకిలా మాత్రం తిరగదు.

ప్లేటు వేసిన చోట చుక్క తడి కనిపించినా ఆపరేషన్ చేసిన డాక్టరుకే చూపించండి. ఆయన చెప్పకుండా యాంటీబయాటిక్ మింగకండి. పైన పుండు పూడితే లోపల మానినట్టు కాదు.

గుడికి పోయిన మొదటి శనివారం తీర్థమంతా నా చేతి మీంచి నేలపాలైంది. ఇప్పుడు మా ఆయన తన అరచేయి పడతాడు. పూజారిగారు ఇద్దరికీ సరిపడా పోస్తారు. ముందు నేను తాగుతాను.