తోట ఏడు, నెక్కొండ ఏడు

నెక్కొండలో మా ఇంట్లో సాయంత్రం ప్రార్థనకు ఒక పద్ధతి ఉండేది. కీర్తనలో మొదటి చరణం అమ్మది, రెండోది నాది, మూడోది అక్కది. ఒకరి చరణం ఇంకొకరు పాడకూడదు. జ్వరమొచ్చినా మంచం మీది నుంచి మూలుగుతూ పాడాల్సిందే. నాన్న పోయాక మా ఇంట్లో మిగిలిన క్రమశిక్షణ అదొక్కటే.

డెబ్బైలలో అక్క నర్సు చదువు ముగించి, అస్సాంలో ఒక టీ తోట దవాఖానలో ఉద్యోగానికి వెళ్ళింది. వరంగల్ స్టేషన్లో అమ్మ ఏడవలేదు. రోజూ ఏడింటికి కూర్చుని పాడుకోమని, మేమూ అదే వేళకు పాడతామని, మూడో చరణం తనకే వదిలేస్తామని మాత్రం చెప్పింది. అప్పటి నుంచి నా చరణం కాగానే ఇద్దరం కళ్ళు మూసుకుని, ఒక చరణం పట్టేంతసేపు ఊరుకునేవాళ్ళం. తర్వాత అమ్మ ఆమేన్ అనేది. అక్క పాట తనకు వినపడుతుందనేది. ఇవాళ గొంతు జర బొంగురుపోయింది, చలి పట్టినట్టుంది అనేది. నాకైతే పక్కింటి బర్రె అరుపు తప్ప ఏమీ వినపడేది కాదు. నవ్వు ఆపుకోలేక చచ్చేదాన్ని.

అక్క ఉత్తరాలు చదివితే అది ఊరా, ఫ్యాక్టరీయా అనిపించేది. సైరన్ మోగితే లేస్తారు, మోగితే తింటారు, మోగితే కోసిన ఆకు తూకానికి తెస్తారు. ఎక్కడికి పోతున్నావని ఎవరూ అడగరట. మా నెక్కొండలో స్టేషన్ దాకా నడిస్తే దారి పొడవునా అడుగుతారు. చెప్పకపోతే కారణం వాళ్ళే కల్పిస్తారు. ఇక టైమంటారా, ప్యాసింజర్ బండే మాకు టైము. అది ఆలస్యమైతే ఊరంతా కలిసి ఆలస్యమయ్యేది, ఎవరికీ ఫికర్ ఉండేది కాదు. చలికాలంలో మాకింకా ఎండ ఉండగానే అక్కడ దీపాలు పెడతారని అక్క రాస్తే, బిడ్డ చీకట్లో ఉందని అమ్మ దిగులుపడింది.

ఎనభైలు మొదలయ్యాక గానీ అక్కకు ఇంటికి వచ్చేంత పెద్ద సెలవు దొరకలేదు. ఇంటికొచ్చిన రోజు పొద్దింకా గుంకలేదు, అమ్మ పొయ్యి దగ్గర ఉంది. అక్క చేతివాచీ చూసుకుని చాప పరిచి, ప్రార్థన వేళయింది రమ్మంది. మా గోడ గడియారం ఆరు చూపిస్తోంది.

వాచీ చెడిపోలేదు. అక్కడ తొందరగా తెల్లవారుతుందని, పని పెందలాడే మొదలవ్వాలని తోటలో గడియారాలన్నీ ఒక గంట ముందుకు పెట్టుకుంటారట. గేటు దాటి బజారుకు వెళితే దేశమంతటికీ ఉన్న టైమే. దారంతా అక్క వాచీని మార్చకుండానే, మనసులో ఒక గంట తీసేసి లెక్క చూసుకుంటూ వచ్చింది. ఆ లెక్క రైళ్ళకే అనుకుంది గానీ, ప్రార్థనకు కూడా అని ఇన్నేళ్ళూ తట్టలేదు. మేము చాప పరిచేసరికే అక్క పాడటం ముగించి, వంటకో డ్యూటీకో లేచిపోయి ఉండేది.

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి చాప మీద కూర్చుంది.

"మరి ఇన్నేండ్లు నాకు పాడింది ఎవలు బిడ్డా?" అంది.

అక్క వాచీ విప్పి చాప మీద పెట్టింది.

అక్క తిరిగి వెళ్ళాక ప్రార్థన ఆరింటికి మార్చాం. మూడో చరణం రాగానే అమ్మ మెడ సాచి వినేది. ఏమీ లేదు. అక్క నిజంగా పాడుతున్న వేళ అదే, ఆ వేళే అమ్మకు ఏమీ వినపడలేదు. రోజూ ముఖం పాలిపోయి లేచేది, అన్నం సగంలో వదిలేసేది. ఈ గడియారాన్ని సరిచేసి మేం బావుకున్నదేమిటని నాకు కోపమొచ్చేది. కొన్నాళ్ళు చూసి, అమ్మ చెప్పాపెట్టకుండా మళ్ళీ ఏడింటికి చాప పరిచింది.

నా చరణం ఎలాగో ముగించాను. ఒకప్పుడు నవ్వు తెప్పించిన ఆ నిశ్శబ్దమంటే ఇప్పుడు భయం. ఎక్కడ నాకూ వినపడుతుందోనని కావాలనే దగ్గాను. మళ్ళీ దగ్గాను.

అమ్మ కళ్ళు తెరవకుండానే నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"జర ఆగు బిడ్డా, దగ్గకు. పాడుతాంది."