ముట్టొద్దన్న కుండ

మా అత్తకు ఒక్క కన్నే. రెండోది మార్కాపురం పలకల కార్ఖానాలో పోయింది. పలక చీలుస్తుంటే పెళ్ల ఎగిరి తగిలిందట. నేను కోడలిగా వచ్చేనాటికే అది పాత సంగతి. మిగిలిన ఆ ఒక్క కన్నుతోనే ఆమె లోకమంతటినీ అనుమానించేది. దుకాణంలో తక్కెడను అనుమానించేది, చర్చిలో చందా పళ్లెం పట్టుకున్న పెద్దను అనుమానించేది, నేను కూరలో వేసే ఉప్పును అనుమానించేది. రెండు కళ్లున్న నాకు కనపడనివి ఆమెకు కనపడేవి. లేనివి కూడా కొన్ని కనపడేవి.

అప్పట్లో మాది కర్నూలు జిల్లా, పైన మద్రాసు గవర్నమెంటు. మేం ఊరి బయట పేటలో ఉండే కిరస్తానీలం. బాప్తిస్మం తీసుకున్నా ఊరి బావి మాకు దగ్గర కాలేదు. గట్టుకు దూరంగా నిలబడి, ఎవరికైనా దయ పుట్టి పోస్తే కుండ పట్టాలి. 'ముట్టొద్దు' అనే మాట మాకు మా పేర్లకన్నా ముందే తెలుసు. ఇది ముందే చెప్తున్నానంటే కారణం ఉంది. జరిగిందంతా ఆ మాట దగ్గరే జరిగింది.

ఆ ఏడు వానలు వెనకబట్టాక, తర్లుపాడు దారిలో దొరలు దిగే బంగళాకు ఎవరో పెద్ద దొర వస్తున్నాడని కబురొచ్చింది. అది రాతి కట్టడం. పైన కొట్టిన సున్నం ఏళ్ల తరబడి కిందికి కారి గట్టిపడి, దాని మీద పాచి నల్లగా పట్టి, ముందు గోడా మెట్లూ చూడ్డానికి అసహ్యంగా ఉండేవి. మా పేట ఆడవాళ్లం కూలికి పోయి ఇటుక పొడితో రుద్దాం, ఇసుకతో రుద్దాం. మా గోళ్లు అరిగాయి గానీ మచ్చలు కదల్లేదు. అప్పుడు పని చూసే ఓవర్సీరు, మచ్చలు కరిగించే ద్రావకం కలిపే మేస్త్రీని బళ్లారి నుంచి పిలిపించాడు.

ద్రావకం అన్న మాట మా నోళ్లకు తిరగలేదు. రాళ్ల మందు అనేశాం. మా వైపు రోగం తగ్గించేదీ మందే, తుపాకీలో కూరేదీ మందే, పడనివాళ్లకు అన్నంలో కలిపి పెట్టేదీ మందే. ఇది వాటిలో ఏ మందో తేల్చడానికి అత్త తన కన్నును పనిలో పెట్టింది.

మేస్త్రీ స్టేషన్ నుంచి ఎద్దుల బండి మీద వచ్చాడు. నలభై దాటిన మనిషి, బక్కపలచన, మాట పొదుపు. గడ్డి కూరిన వెదురు బుట్టలో పెద్ద గాజు బుడ్డి, దాన్ని చంటిబిడ్డలా రెండు కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. బండి తోలేవాణ్ని కూడా దాని మీద చెయ్యి వేయనివ్వలేదు.

"బంగారం తెచ్చినాడేమో," అన్నాను నేను.

"బంగారమయితే దాస్తాడు పిల్లా, అందరికీ కనపడేట్టు ఎందుకు పెట్టుకుంటాడు?" అంది అత్త. "ఏందో ఉంది."

మర్నాటి నుంచి అతని చేష్టలు ఒక్కటీ మాకు మింగుడు పడలేదు. పొద్దున్నే వాకిట్లో నిలబడి చిటికెడు మట్టి తీసి గాలిలో వదిలేవాడు. అది ఎటు పోతే అటు వైపు ఎవరూ నిలబడకూడదని సైగ చేసేవాడు. చేతులకు మోచేతుల దాకా కొబ్బరి నూనె పూసుకునేవాడు. ముక్కుకూ నోటికీ తడిగుడ్డ కట్టుకునేవాడు. మందు కలిపేటప్పుడు మమ్మల్ని చెట్టు దాకా తరిమి, మా వైపు వీపు తిప్పి, ఏది ఎందులో పోస్తున్నాడో కనపడనిచ్చేవాడు కాదు. కలిపాక జాడీలో తెచ్చి మెట్ల మీద పెట్టేవాడు. పొడుగు కర్రలకు నార కుంచెలు కట్టి మేం రుద్దాలి. రాయి మీద అది పడగానే బుస్సుమని నురగ లేచేది, కింద నుంచి అసలు రాయి రంగు బయటపడేది. ఇంతకాలం మాకు చిక్కని మచ్చ అట్లా కరిగిపోతుంటే సంతోషం కలగాలి కదా, మాకు భయమే కలిగింది.

"మట్టి ఊదేది ఎవురు? మంత్రగాళ్లు," అనేది అత్త. "ఈపు తిప్పేది ఎవురు? దొంగలు."

అయినా ఇవన్నీ ఒక ఎత్తు, కుండ ఒక ఎత్తు. రోజూ పొద్దున్నే అతను బంగళా బావిలో తనే చేది, ఒక పెద్ద కుండ నిండా నీళ్లు తెచ్చి, మెట్ల పక్కన నీడలో పెట్టి, మీద చెక్క మూత వేసేవాడు. మొదటి రోజు దప్పికై నేను అటు నడిచాను. అంత దూరం నుంచే అరిచాడు.

"ఆ కుండ ముట్టొద్దు!"

ఆగిపోయాను. ఎందుకని అడగలేదు. అడగాల్సిన పనేముంది? ఆ మాటకు అర్థం చెప్పించుకునే అవసరం మా పేటలో పుట్టిన పిల్లకు ఉండదు. మేం పేట నుంచి తెచ్చుకున్న కుండ వేపచెట్టు కింద ఉండేది, అందులోవి తాగాను. అతను మాత్రం ఎంత ఎండ కాసినా మా కుండ వైపు వచ్చేవాడు కాదు. తన ఇత్తడి చెంబు తనది. అన్నం కూడా ఆ మూల కూర్చుని, మాకు వీపు తిప్పే తినేవాడు.

ఇంకొకటి కూడా అత్త కనిపెట్టింది. తాను తాగే నీళ్లు కూడా ఆ పెద్ద కుండలోవి తీసుకునేవాడు కాదు, విడిగా చేదుకునేవాడు.

"మరి ఎవురికోసం అత్తా అది?" అన్నాను.

"దేవుడికోసం గామాల," అంది. "మన నీడ పడితే దేవుడికి కడుపు నొస్తాదేమో."

ఆమెను అనుమానపు మనిషి అని అందరూ వెక్కిరించేవాళ్లు. నేను వెక్కిరించను. ఆమె అనుమానాలన్నీ ఎక్కడో ఒక చోట ఆమెకు తగిలిన దెబ్బ నుంచి వచ్చినవే.

మెట్లు మాత్రం మిగిలిన రోజున ఓవర్సీరు సైకిల్ మీద వచ్చి, సాయంత్రానికి అయిపోవాలని కేకలు వేసి, మేస్త్రీని బంగళా వెనక్కి తీసుకుపోయాడు. అప్పటికి మేస్త్రీ బుడ్డిలో నుంచి చిక్కని మందు జాడీలోకి వంచుకున్నాడు గానీ, ఇంకా ఏమీ కలపలేదు. జాడీ మీద ఒక పలక మూసి, పోతూ పోతూ మళ్లీ అదే మాట అన్నాడు.

"నేను వచ్చేదాకా ఏదీ ముట్టొద్దు."

అత్త నడుము మీద చెయ్యి పెట్టుకుంది. "విన్నావా పిల్లా? ఇంతవరకూ కుండే. ఇప్పుడు ఏదీ అంట!"

నేరుగా ఆ పెద్ద కుండ దగ్గరికి పోయి చెక్క మూత తీసి పక్కన పడేసింది. ముంత ముంచి, తీరిగ్గా, ముందు కుడికాలు కడుక్కుంది, తర్వాత ఎడమకాలు. మడమలు కూడా రుద్దుకుంది. మేమందరం కడుపు పట్టుకుని నవ్వాం. నన్నూ దోసిలి పట్టమంటే పట్టి తాగాను. ఉత్త నీళ్లే. ఆ రుచి నాకు ఇంకా గుర్తుంది, ఎందుకంటే దానిలో రుచి ఏమీ లేదు. మిగతావాళ్లూ ముంచుకున్నారు, చూస్తుండగానే కుండ అడుగుకు వచ్చింది.

మిగిలిన నీళ్లతో కుండ ఎత్తుకుని ఆమె జాడీ వైపు నడిచింది. "సున్నం ఉడకబెట్టీ ఉడకబెట్టీ పండిన చేతులివి. ఈడి మందు కలిపేదానికి బళ్లారి పోయి నేర్చుకోవాల్నా?" అంది.

సున్నం సంగతి మా అందరికీ వచ్చు. కాల్చిన రాళ్లు గుంతలో వేసి, మీద నీళ్లు పోయాలి. బుసబుసా ఉడుకుతుంది, కాసేపు వెనక్కి జరగాలి, అంతే. నీళ్లు మీద పోయడమే మేం ఎరిగిన కలపడం. దీనికి అది తిరగబడుతుందనీ, నీళ్లలోకి మందును కొద్దికొద్దిగా వదలాలే తప్ప మందు మీద నీళ్లు పోయకూడదనీ ఎవరూ చెప్పలేదు. చెప్పేవాడు వీపు తిప్పుకుని కలిపాడు.

పలక జరిపి నీళ్లు పోసింది. సున్నంలా ఉడకలేదు. కాగిన నూనెలో తడిచెయ్యి విదిలించినట్టు ఎగిరింది. అత్త వెనక్కి జరిగేలోపే ముఖం మీద పడింది. ఆమె అరుపు నేను ఎన్నడూ వినని అరుపు. చెంప కాదు, కన్ను పట్టుకుంది. ఉన్న ఆ ఒక్క కన్ను.

మేస్త్రీ పరుగెత్తుకొచ్చాడు. వస్తూనే పెద్ద కుండ కోసం చూశాడు. అది బోర్లా పడి ఉంది. అప్పుడు అతని ముఖం చూశాను నేను, అప్పుడు అర్థమైంది ఆ కుండ ఎవరికోసమో. మాలో ఎవరి ఒంటి మీద మందు పడితే వాళ్లకోసం.

అతను ఆగలేదు. వేపచెట్టు దగ్గరికి ఒక్క దూకు దూకి, మా కుండను, మా పేట నీళ్ల కుండను, రెండు చేతులా ఎత్తుకొచ్చాడు. అత్త తలను తన మోకాలి మీద పెట్టుకుని, వేళ్లతో రెప్ప విడదీసి, సన్నధారగా పోశాడు. అత్త గింజుకుంటుంటే గట్టిగా పట్టుకున్నాడు. "రుద్దొద్దు! రుద్దితే పోతాది!" అని అరిచాడు. నా వైపు చూసి, "ఇంగా నీళ్లు తే, ఆగొద్దు," అన్నాడు. బంగళా బావిలో చేద వేసింది నేనే. ఓవర్సీరు అక్కడే నిలబడి ఉన్నాడు, ముట్టొద్దనలేదు. ఎన్ని కడవలు చేదానో తెలియదు, నా అరచేతుల తోలు లేచిపోయింది. చాలనిపించిన తర్వాత కూడా అతను పోస్తూనే ఉన్నాడు.

డాక్టరు కట్టు కట్టి, విప్పేదాకా ఏమీ చెప్పలేనన్నాడు. చీకట్లో మంచం మీద పడుకుని అత్త నన్ను అడిగేది. "నిజ్జంగా చెయ్యి పట్టుకొని నడిపిస్తావా, నలుగురూ చూసినప్పుడే నడిపిస్తావా?" నేను కసురుకునేదాన్ని, అవతలికి పోయి ఏడ్చేదాన్ని. ఆమె మీద అంత ప్రేమ ఉందని నాకూ తెలియదు. ఆ కన్ను పోతే కూలి పనీ పోతుంది, అది ఒక భయం. నన్ను కనిపెట్టి చూసే ఆ చూపు ఇంట్లో లేకపోతే నేను ఎట్లా బతకాలన్నది ఇంకో భయం.

పేటలో మగవాళ్లు మేస్త్రీ కావాలనే మందు పెట్టాడన్నారు. కర్రలు కూడా తీశారు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు, ఇతను తాగింది ఏమిటో మాకు ఇంకా తెలియదు. కానీ అతను బళ్లారి పారిపోలేదు. కట్టు విప్పే రోజున మా పేటలోకి వచ్చి, మా వాకిట్లో నిలబడ్డాడు. ఊరివాళ్లెవరూ అట్లా రావడం నేను చూడలేదు.

కట్టు విప్పారు. చెంప మీద తోలు ఎర్రగా ముడుచుకుని ఉంది. రెప్ప మెల్లగా లేచింది. అత్త ముందు నన్ను చూసింది, తర్వాత నా చీర చూసింది. "పెట్టెలో నా చీర కట్టినావా?" అంది. కట్టిన మాట నిజమే. నేను నవ్వలేక ఏడవలేక ఆమె కాళ్ల మీద పడ్డాను.

వచ్చిన మనిషికి నీళ్లియ్యమంది. చెంబుతో ఇచ్చాను. అతను తీసుకున్నాడు. తీసుకుని, తల వెనక్కి వంచి, చెంబు పెదవికి తగలకుండా పైనుంచి నోట్లో పోసుకున్నాడు. అందరూ అట్లా తాగుతారు, మేమూ తాగుతాం. కానీ అత్త కన్ను ఆ చెంబుకూ ఆ పెదవికీ మధ్య ఉన్న సందునే చూస్తోంది.

"నాయనా, ఒకటి అడుగుతా, నిజం చెప్పు," అంది. "ఆ కుండ ముట్టొద్దంటివి. కాలతాది, కడుక్కునేదానికి నిండుగా ఉండల్ల అని వద్దంటివా? పేటోళ్లమని వద్దంటివా?"

అతను చెంబు కింద పెట్టాడు. ఒక్క మాటతో తప్పించుకోవచ్చు, ఎవరూ కాదనరు. ఆ మాటే చెప్తాడనుకున్నాను.

"రెండూనమ్మా," అన్నాడు.

మగవాళ్లు కదిలారు. అత్త చెయ్యెత్తి ఆపింది. కాలిన చెంప లాగుతుంటే మెల్లగా, ఒక్కో మాటా కూడదీసుకుని అంది.

"అయితే ఇంగ మీదట కాలతాదని మాత్రమే చెప్పు నాయనా. రెండోది మాకు తెలుసు."