ఊ కొట్టుడు సమ్మె

ఆ రోజుల్లో వినడం ఒకరు నేర్పాల్సిన విద్య అని మాకు తెలియదు. తెల్లారితే చాలు రోడ్ల మీద నినాదాలు, మైకుల్లో పాటలు, చాయ్ హోటళ్లలో వాదనలు. చెవులు మూసుకున్నా వినపడేవి. రాష్ట్రం వస్తుందా రాదా అని బస్సులో పక్కసీటు పెద్దమనిషి మొదలుపెడితే, మనం దిగాల్సిన ఊరు దాటిపోయేది కానీ ఆయన మాట తెగేది కాదు. అలాంటి కాలంలో, అలాంటి జనగామలో, మాకు వినడం నేర్పడానికి ఒక సారును పిలిపించారు.

చిట్యాల పక్కన మా ఊరు. డిగ్రీ అయిపోగానే జనగామ వచ్చి, నీళ్ల మోటార్లు అమ్మే ఒక దుకాణంలో మరికొందరు అమ్మాయిలతో పాటు ఫోన్లు ఎత్తే పనికి కుదిరాను. మోటారు చెడిపోయిన రైతు ఫోన్ చేస్తే సంగతి విని, దగ్గర్లో ఉన్న మెకానిక్‌ను పంపాలి, అంతే. అంతమాత్రానికి మూడు రోజుల శిక్షణ ఏమిటో, కృష్ణా తీరం నుంచి సారు రావడమేమిటో మా షాపు ఓనరుకే తెలియాలి. శిక్షణ అయ్యాక ఎవరు ఫోన్ ముందు కూర్చోవాలో, ఎవరు ఇంటికి పోవాలో సారే తేలుస్తాడట. ("ఆడపిల్లకు ఫోన్లల్ల ఏం కొలువే?" అని మా మేనమామ అప్పటికే ఊరంతా చెప్పి పెట్టాడు. తిరిగి వెళితే ఆయన ముఖం చూడాలి.)

సారుకు మేం పెట్టుకున్న పేరు వినికిడి సారు. వినేవాళ్లు ఎదుటివారి కళ్లలోకి చూడాలి, తల ఊపాలి, మధ్యమధ్యలో "ఊ" అనాలి, చివర్లో విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి అని బోర్డు మీద రాశాడు. మాటలన్నీ మంచివే. కాకపోతే చివరి రోజు బంద్ పడి బయట నినాదాలు మొదలవగానే, "ఈ గోల వింటే మీకు వినడం ఎలా వస్తుందమ్మా?" అంటూ కిటికీ మూసేశాడు. తర్వాత నన్ను లేపి, పొద్దున్నుంచీ ఏం చేశావో చెప్పమన్నాడు.

"పొద్దుగాల లేశిన సార్. సద్ది తిన్న. బస్సులు బంద్ ఉన్నయని నడుసుకుంట వచ్చిన. తొవ్వల చెప్పు తెగింది."

సారు నవ్వాడు. చిన్న నవ్వు కాదు, కుర్చీ కదిలేంత నవ్వు. "ఏమ్మా, సినిమాలో రౌడీ పక్కనుండే మనిషిలా ఉంది నీ మాట. ఇలా మాట్లాడితే కస్టమర్లు భయపడి ఫోన్ పెట్టేస్తారు."

నాకు చెవుల దాకా వేడెక్కింది. "సార్, నేను ఏం చెప్పిన్నో మీరు తిరిగి చెప్పుండ్రి. గట్లనే చెయ్యాలని మీరే అన్నరు గదా," అన్నాను.

సారు ఫ్యాను వైపు చూశాడు. "ఏదో... టిఫిన్ చేశావు," అన్నాడు. ఆ తర్వాత ముఖం గట్టిగా పెట్టి, "సరైన తెలుగు రాని వాళ్లకు ఫోన్ ఇవ్వను," అని తేల్చేశాడు.

అన్నాల వేళ అందరం ఉడికిపోతున్నాం. మాలో పెద్దది మానుకోట దగ్గరి తండా నుంచి వచ్చిన అక్క. పిల్లను తల్లి దగ్గర వదిలి వచ్చింది. ఆమె డబ్బా మూత పెడుతూ నెమ్మదిగా అంది: "మా ఇంటి లంబాడి మాట బడిల మాట్లాడితే నవ్విండ్రు. మీ మాట నేర్సుకున్న. ఇప్పుడు దానికి గూడ నవ్వుతుండ్రు. ఇగ నేను మాట్లాడనే మాట్లాడ. ఇనుడు నేర్పుతానన్నడు గదా, ఇందాం."

ఊళ్లన్నీ సమ్మెలతో ఉన్న రోజులు. మాకు ఆ ఒక్క మాట చాలు.

మధ్యాహ్నం సారు రాగానే అందరం ఆయన కళ్లలోకి చూశాం. తలలు ఊపాం. "అర్థమవుతోందా?" "ఊ." "ఏమైనా అనుమానాలా?" "ఊ." "ఏమిటవి?" "ఊ." బోర్డు మీద రాసినవాటిలో మేం ఏది తప్పామో చెప్పలేక సారు చెమటలు తుడుచుకున్నాడు. (నాకు మెడ పట్టేసింది. ఉద్యమమంటే ఊరికే ఉంటుందా!)

అప్పుడే బల్ల మీది షాపు ఫోన్ మోగింది. "చూడండి, ఎలా వినాలో," అని సారు స్పీకర్ పెట్టి ఎత్తాడు. అవతల టేకుమట్ల నుంచి ఒక అవ్వ. "కొడుకా, మోటరు నీళ్లు గుంజుతలేదు. మా మక్క దూపకు ఎండుతాంది," అంది.

సారు తల ఊపాడు, "ఊ" అన్నాడు, విన్నది తిరిగి చెప్పాడు: "అంటే, మీ అక్కగారు ఎండలో ధూపం వేస్తున్నారు. అంతేనా అమ్మా?"

అవ్వ గొంతు పెంచింది. "అక్కేంది? ధూపమేంది? మక్కజొన్న చేను కొడుకా! నీళ్లు లేక సస్తాంది! నువ్వు ఇంటున్నవా, పండుకున్నవా?"

మా సమ్మె అక్కడే కూలింది. అందరం బల్లల మీద పడి నవ్వాం. నేను లేచి వెళ్లి సారు చేతిలోంచి ఫోన్ తీసుకున్నాను. అడగలేదు, తీసుకున్నాను. "అవ్వా, నేను చిట్యాల పిల్లను. నువ్వు మంచిగనే చెప్పినవ్. మన మాట అర్థం కాకుంటే గది వాళ్ల తప్పు. మన భాషకేం తక్కువ? మనం ఎవ్వలకు..." అంటూ ఉపన్యాసం ఎత్తుకున్నాను. నిజానికి అది అవ్వ కోసం కాదు, సారు కోసం.

"ఓ బిడ్డా!" అని అవ్వ కేకేసింది. "నీ ముచ్చట మంచిగున్నది గని, జర మోటరు సంగతి ఇనరాదు!"

ఈసారి సారు నవ్వాడు. నవ్వుకోనీ అనుకుని, నోరు మూసుకుని విన్నాను. రాత్రి కరెంటు వచ్చిపోయినప్పుడు మోటారు గుర్రుమని ఆగిందనీ, కాలిన వాసన వచ్చిందనీ అవ్వ చెప్పింది. భూపాలపల్లిలో ఉండే మెకానిక్ అన్నకు ఫోన్ చేశాను. బంద్ రోజు బండి కదలనివ్వరేమోనని భయపడ్డాను కానీ, రోడ్డు మీద కూర్చున్నవాళ్లు చేను ఎండుతోందని వినగానే అడ్డంగా పెట్టిన రాళ్లను వాళ్లే జరిపారట. సాయంత్రానికి చేనుకు నీళ్లు పారాయని అవ్వే మళ్లీ ఫోన్ చేసి చెప్పింది.

సారు వెళ్లేటప్పుడు నా గురించి "వినే గుణం లేదు, ఎదురు మాట్లాడుతుంది" అని ఓనరుకు చెప్పాడు. ఓనరు నన్ను పిలిచి, "ఇంతకు ఫోన్ చేసినామె ఏమన్నది?" అని అడిగాడు. "బిడ్డా సల్లగుండు అన్నది సార్," అన్నాను. "అయితే మంచిదే. రేపు జల్ది రా," అన్నాడు. మర్నాడు నా పక్క కుర్చీలో తండా అక్క కూర్చుంది. ఇద్దరం మా మాటతోనే ఫోన్లు ఎత్తాం.

రాష్ట్రం వచ్చి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నేను మాట్లాడటం కన్నా వినడమే ఎక్కువ. అది బుద్ధి వల్లనో, వయసు వల్లనో చెప్పలేను. ఒక్కోసారి ఆ పిల్ల గుర్తొస్తుంది: తెగిన చెప్పుకు పిన్నీసు పెట్టుకుని, మెడ నిటారుగా నిలబెట్టి, అవ్వ గోడు ఆపి మరీ ఉపన్యాసం దంచుతున్న పిల్ల. నవ్వొస్తుంది. జర నెమ్మది బిడ్డా అందామనిపిస్తుంది. కానీ అనను. అన్నా వినే రకం కాదు. వినకపోవడమే ఆ రోజు మంచిదైంది.