చిప్పలక్క బతికించిన తొట్టి

మా పరిశోధనశాలలో ఆమెను అసలు పేరుతో పిలిచినవాళ్ళు లేరు. జీతాల గుమాస్తా కూడా "చిప్పలక్కా, ఇటొచ్చి సంతకం పెట్టు" అనేవాడు. సముద్రపు ఆల్చిప్పలు పెరిగే గది ఆమెది. అక్కడ నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది, గాలిపంపుల రొద ఆగదు. తొట్లలో నీళ్ళు మార్చడం, ఉప్పు ఎంతుందో చూడటం, నాచు కలిపిన పచ్చటి నీళ్ళు మేతగా పోయడం ఆమె పని. ఏ చిప్పైనా నోరు తెరుచుకుని కనిపిస్తే వేలితో తట్టేది. టక్కున మూసుకుంటే బతికున్నట్టు. మూసుకోకపోతే ఆ పూటంతా ఎవరు పలకరించినా కసురుకునేది.

"మనుషుల మీద లేని జాలి వీటి మీద ఏంటక్కా?" అని ఏడిపించేదాన్ని.

"నువ్వు పెంచే వాటికన్నా నయమే. ఇవి ఎవరి జోలికీ పోవు" అనేది.

నిజమే, నేను పెంచేది క్రిములను. అందులోనూ మందులకు లొంగని మొండి క్రిములను. తుమ్మొస్తే ఒక మాత్ర, దగ్గొస్తే ఒక మాత్ర మింగి, కాస్త నయమవగానే మిగతావి డబ్బాలో పడేసే జనమే వాటినిలా తయారుచేశారు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆల్చిప్పకు మాత్రలెవరిస్తారు? బతికినన్నాళ్ళూ మురికినీళ్ళు వడగట్టుకుంటూనే బతుకుతుంది. దాని రక్తంలో క్రిములను చంపే ఒక చిన్న ప్రోటీన్ ఉంది. కొన్ని చిప్పల్లో ఆ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువు మరీ చురుగ్గా పనిచేస్తుందని మా పెద్ద మేడం కనిపెట్టింది. అలాంటి చిప్పల పిల్లలను ఏరి, ఒక్కోదాని మీద ఎర్రచుక్క పెట్టి, వేరే తొట్టిలో పెంచాం. దాన్ని చుక్కల తొట్టి అనేవాళ్ళం.

చిప్పలక్కకు ఉన్నది ఒక్క తమ్ముడు. అమ్మానాన్నలు పోయాక వాడిని ఈమే సాకింది. ఓడల మరమ్మతు యార్డులో వెల్డరు, నవ్వకుండా నాలుగు మాటలు మాట్లాడలేడు. ఒకరోజు ఇనుపరేకు జారి వాడి పిక్కలో దిగింది. ఆపరేషన్ చేశారు, కుట్లు వేశారు, పుండు మాత్రం మానలేదు. ఆసుపత్రిలో ఉన్న మందులన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఎక్కించి చివరికి చేతులెత్తేశారు. కాలు తీసేయాలి, ఈలోగా క్రిమి రక్తంలోకి పాకితే అదీ దండగే అన్నారు.

చిప్పలక్క తిన్నగా పెద్ద మేడం గదికి వచ్చింది. లోపల నేనూ ఉన్నాను.

"అమ్మా, మన చిప్పల మందు మా వాడికి ఇవ్వండి."

"అది మందు కాదు. ఇంకా ఎలుకకు కూడా ఇచ్చి చూడలేదు" అంది మేడం.

"ఎలుకకు అక్కాచెల్లెళ్ళు లేరు కాబట్టి అడగలేదమ్మా. నేనున్నాను, అడుగుతున్నాను."

మేడం ఫోన్ అందుకుంది. ఆసుపత్రి సర్జనుతో మాట్లాడింది. ఆయన ఒక్క మాట ఇచ్చాడు. వాడి పుండులోని క్రిమి మా గాజుపళ్ళెంలో చిప్పల రక్తానికి చస్తే, ఆ రక్తంతో గుడ్డ తడిపి పుండు మీద వేయడానికి అనుమతి అడుగుతానన్నాడు. అంతవరకు కాలు తీయకుండా ఆపుతానన్నాడు. పుండులోంచి తీసిన క్రిమిని సీసాలో పెట్టి నాకు పంపించాడు. ఇక అందరి ఆశా చుక్కల తొట్టి మీదే.

రక్తం తీయబోయే ముందు ఆ తొట్టికి జబ్బు తగిలింది. కొన్ని చిప్పలు నోళ్ళు తెరిచేశాయి. ఆ సంగతి మాకెవరికీ తెలియదు, చిప్పలక్క చెప్పలేదు. మేం చూసేసరికి తొట్టి బాగానే ఉంది, చిప్పలన్నీ తట్టగానే మూసుకుంటున్నాయి. ఆమే సన్నటి సూదితో ఒక్కో చిప్ప అంచునుంచి రక్తం లాగింది. 

మర్నాడు పళ్ళేలు తీసి చూశాను. పోల్చి చూసుకోవడానికి పెట్టుకున్న మామూలు క్రిమి శుభ్రంగా చచ్చింది. రక్తం వేసిన చోట చుట్టూ అద్దంలా గుండ్రంగా ఖాళీ అయింది. తమ్ముడి క్రిమి మాత్రం పళ్ళెమంతా తెల్లగా దుప్పటి పరిచినట్టు పెరిగింది.  చిప్పల రక్తం ఎప్పుడూ ఇలా చేయదు. మెత్తనిదాన్ని చంపి మొండిదాన్ని వదిలేయడం మాత్రల పద్ధతి.

"అక్కా, తొట్టిలో ఏమైనా కలిపావా?"

 "నోళ్ళు తెరిచేశాయే. తట్టినా వెంటనే మూసుకోలేదు. అన్నీ చచ్చిపోతే మావాడి గతేంటని... యాంటీబయాటిక్ పొడి కాస్త కలిపాను. రొయ్యల హేచరీలో ఉన్నప్పుడు అలాగే చేసేవాళ్ళం, తెల్లారేసరికి రొయ్యపిల్లలు లేచి ఈదేవి."

ఇక్కడికి రాకముందు ఆమె పనిచేసింది ఆ హేచరీలోనే. అక్కడ నీళ్ళలో మందు పొడి కలపడమంటే బిడ్డకు పాలు పట్టినంత మామూలు సంగతి. మా చిప్పల గది గోడ మీద మాత్రం ఏ మందూ కలపొద్దని పెద్ద అక్షరాలతో రాసుంది. ఆ రాత మీద దుమ్ము ఆమే రోజూ తుడిచేది కూడా.

మేడం తల పట్టుకుని కూర్చుంది. నీళ్ళలో క్రిములు లేకుండా పోయాయి, చిప్పలకు పోరాడే పని తప్పింది, జన్యువు నిద్రపోయింది. మేం లాగిన రక్తంలో ఉన్నది ఆ పొడే. అది చిప్పల ఒంట్లోంచి పూర్తిగా పోవాలంటే వారాలు పడుతుంది. తమ్ముడికి అన్ని వారాలు లేవు. నేను నోటికొచ్చినట్టు అరిచాను. చిప్పలక్క తడిగుడ్డ తీసుకుని తొట్టి అంచు తుడవసాగింది. తిరిగి నన్ను కసిరివుంటే బాగుండేది.

సాయంత్రం ఆసుపత్రికి ఆమె వెంట నేనూ వెళ్ళాను. తమ్ముడు జ్వరంతో కాలిపోతున్నాడు. ఆమె మంచం పక్కన కూర్చుని ఏదీ దాచకుండా చెప్పేసింది.

వాడు కళ్ళు తెరిచాడు. "అయితే చిప్పలు బతికాయా?"

"బతికాయిరా."

"ఒక్కటీ పోలేదా?"

"పోలేదు."

"నన్ను బతికించమంటే వాటిని బతికించావన్నమాట. ఎప్పుడూ అంతే నువ్వు, చిన్నవాళ్ళనే వెనకేసుకొస్తావు" అని నవ్వబోయి దగ్గాడు. ఆమె వాడి చెయ్యి తీసి ముఖానికి ఆనించుకుని బావురుమంది. నేను బయటికొచ్చేశాను, చూడలేకపోయాను.

కాలు తీశారు. కానీ క్రిమి అప్పటికే రక్తంలోకి వెళ్ళింది. ఆ వారం దాటలేదు వాడు.

ఆమె పనికి రాదనుకున్నాం. వచ్చింది. మునుపటిలాగే నీళ్ళు మార్చింది, మేత పోసింది. ఎర్రచుక్కల చిప్పలన్నీ పుష్టిగా ఉన్నాయి. ఎవరైనా ఆ మాట అంటే తల తిప్పుకుని వెళ్ళిపోయేది. నేను ఏడిపించడం మానేశాను, ఆమె కసరడం మానేసింది. ఆ కసురుళ్ళ కోసం మొహం వాచిపోయాను.

తొట్టి శుభ్రపడ్డాక మళ్ళీ రక్తం తీశాం. మర్నాడు పళ్ళెం వెలుతురులోకి ఎత్తి చూశాను. మధ్యలో, రక్తం వేసిన చోట, గుండ్రంగా ఖాళీ. తమ్ముడి క్రిమి చచ్చింది. పక్కగదిలో మేడం ఎవరికో ఫోనులో సంతోషంగా చెబుతోంది. చిప్పలక్క నా పక్కకొచ్చి పళ్ళెం చూసింది.

"చుట్టూ తెల్లగా ఉన్నది మావాడి కాలిలోదేనా?"

"అవునక్కా."

"ఇన్నాళ్ళూ ఎక్కడుంది?"

"ఫ్రీజర్లో దాచాం. కావలసినప్పుడల్లా కొంచెం తీసి పెంచుతాం."

"ఇక పెంచడం దేనికే? ఫ్రీజర్లోది కూడా చంపెయ్."

"అది లేకపోతే మందు పనిచేస్తుందో లేదో దేని మీద చూస్తామక్కా? ఇంత మొండిది ఇంకోటి లేదు మన దగ్గర."

 "అయితే ఇది చావకుండా కంటికి రెప్పలా చూసుకోవాలన్నమాట" అంది మెల్లగా.

నేను తలూపాను. ఆమె చిప్పల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. గాలిపంపుల రొదను మించి ఆమె ఏడుపు మా గదిదాకా వినిపించింది.